బెంగళూరు పండగ స్టాళ్లలో తెలుగు పుస్తకాల బల్ల: ఐదు నెలల అనుభవం, లెక్కలతో సహా

2025 జూలై నుంచి డిసెంబరు దాకా బెంగళూరులో మూడు తెలుగు వేడుకల్లో పుస్తకాల బల్ల పెట్టాం. వైట్‌ఫీల్డ్ వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఒక కాలనీలో బతుకమ్మ, కనకపుర రోడ్డులో ఒక తోటలో కార్తీక వనభోజనాలు. అన్నీ కలిపి నాలుగు రోజుల అమ్మకం. ఆ నాలుగు రోజుల్లోనూ జనం నిజంగా బల్ల దగ్గరికొచ్చి పుస్తకాలు కొన్న సమయం ఆరేడు గంటలు దాటదు. మిగతా ఐదు నెలల పనీ ఆ ఆరేడు గంటల కోసమే. సొంత పుస్తకం అచ్చు వేయించుకుని ఎక్కడ అమ్మాలా అని చూస్తున్నవాళ్లకీ, తమ అపార్ట్‌మెంట్‌లో ఒక బల్ల పెడదామనుకుంటున్నవాళ్లకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

బల్ల పెడదామని జూలై 6, ఆదివారం నాడు అనుకున్నాం. 8న తొమ్మిది మందికి రాశాం: ఆరుగురు చిన్న ప్రచురణకర్తలు, ముగ్గురు సొంతంగా పుస్తకాలు వేసుకున్న రచయితలు. అడిగింది ఇదీ: అమ్ముడుపోయినవాటికే డబ్బు కడతాం, మిగిలినవి తిరిగి పంపుతాం, వెల మీద 40 శాతం కమీషన్. మొదటి జవాబు రెండు రోజుల్లో వచ్చింది. చివరిది ఆగస్టు 3న, అంటే 26 రోజులకి. ఏడుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు ముందు డబ్బు కడితేనే పంపుతామన్నారు. వాళ్లని తప్పుపట్టలేం. ఇలాగే పుస్తకాలు తీసుకెళ్లి, డబ్బూ ఇవ్వక, పుస్తకాలూ వెనక్కి పంపక ముఖం చాటేసినవాళ్ల దెబ్బ తినని చిన్న ప్రచురణకర్త ఉండరు.

ఆ మొదటి ఉత్తరంలోనే తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి. రానూ పోనూ పార్సిలు ఖర్చు ఎవరిది? లెక్క ఏ తేదీకి అప్పజెప్పాలి? డిస్కౌంటు ఎవరి వాటాలోంచి పోతుంది? పాడైన పుస్తకం ఎవరి ఖాతాలో పడుతుంది? మొదటి మూడూ రాసుకున్నాం. నాలుగోది మరిచిపోయాం. సెప్టెంబరులో దానికి డబ్బు కట్టాం.

చివరికి చేతికి వచ్చినవి 62 రకాల పుస్తకాలు, 410 కాపీలు. డెమీ సైజులో (మామూలు నవలల సైజు), 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల) కాగితం మీద అచ్చేసిన 200 పేజీల పుస్తకం బరువు 230 నుంచి 240 గ్రాములు. అంటే మొత్తం దాదాపు 100 కిలోలు. పెట్టెకి 37, 38 చొప్పున సర్దితే ఒక్కోటి 9 కిలోలు వస్తుంది. ఒక మనిషి సులువుగా ఎత్తగలిగేది, కారు డిక్కీలో ఒకదాని మీద ఒకటి పెట్టినా అడుగుది నలగనిది అంతే. ఒక ప్రచురణకర్త నూరు పుస్తకాలనూ ఒకే పెట్టెలో కుక్కి పంపారు. 24 కిలోలు. పార్సిలు ఆఫీసులో దించేటప్పుడు అడుగు ఊడిపోయి 11 పుస్తకాల మూలలు నలిగాయి. కొనేవాళ్లు నలిగిన మూలనే ముందు చూస్తారు. అందుకే పంపేవాళ్లకి పెట్టె సైజు, పెట్టెకెన్ని పుస్తకాలు, నాలుగు మూలలకీ అట్టముక్కలు పెట్టాలన్న సంగతి ముందే రాసి పంపాలి. మొహమాటపడక్కర్లేదు.

హైదరాబాదు పెట్టెలు ఆగస్టు 14, గురువారం బయల్దేరాయి. మర్నాడు స్వాతంత్ర్య దినం, ఆ మర్నాడు కృష్ణాష్టమి, తర్వాత ఆదివారం. సోమవారం 18న గానీ చేతికి రాలేదు. ఒక రాత్రి ప్రయాణానికి నాలుగు రోజులు పట్టింది. విజయవాడవి బస్సు పార్సిలులో వచ్చాయి. మర్నాడు ఉదయానికి దిగాయి గానీ కిలోకి ఖర్చు ఎక్కువ పడింది. పంపేవాళ్లు ‘టు పే’ అని రాశారో లేదో కనుక్కోండి. రసీదు మీద ఆ మాట ఉంటే కిరాయి మనం కడితేనే పెట్టె ఇస్తారు. రెండు చోట్ల నుంచీ కలిపి కిరాయి 1,480 రూపాయలు, ఇంటిదాకా ఆటోకి 450.

అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. అయినా ప్రతి పెట్టెతోనూ పుస్తకం పేరు, కాపీలు, వెల రాసిన డెలివరీ చలానా ఉండాలి. పన్ను కోసం కాదు. రేపు లెక్క తేడా వస్తే రెండు వైపులా నమ్మేది ఆ కాగితాన్నే.

ఇక అనుమతులు. అపార్ట్‌మెంట్ వాళ్ల సాంస్కృతిక కమిటీకి జూలై 13న మెసేజ్ పెట్టాం. జవాబు 29న వచ్చింది. స్టాలు ఖాయమైంది ఆగస్టు 11న. చవితి పందిరిలో స్టాళ్లంటే కమిటీలకు ముందు గుర్తొచ్చేది తిండి, తర్వాత చీరలు, నగలు. పుస్తకాలంటే ఏ వరసలో పెట్టాలో వాళ్లకీ తెలియదు, అందరికీ ఒకటే రేటు చెప్తారు. మాకు చెప్పింది రోజుకి 2,000, దానిపైన వెయ్యి రూపాయల డిపాజిట్. చవితి 27న, బుధవారం. ఉత్సవం ఐదు రోజులు. శని, ఆదివారాలు 30, 31 మాత్రమే తీసుకున్నాం. ఆ నిర్ణయం సగం మంచిది, సగం చెడ్డది. ఎందుకో కింద చెప్తాను.

డబ్బు తీసుకోవడం గురించీ కమిటీతో పెద్ద చర్చే నడిచింది. జూలైలోనే కర్ణాటకలో చిన్న దుకాణదారులకి యూపీఐ వసూళ్ల లెక్కల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. కొన్ని దుకాణాలు క్యూఆర్ కోడ్‌లు తీసేసి ‘క్యాష్ మాత్రమే’ అని కాగితాలు అంటించాయి. దాంతో కోశాధికారి స్టాళ్ల డబ్బేదీ సంఘం ఖాతాలో పడకూడదని గట్టిగా చెప్పారు. ఆయన జాగ్రత్త న్యాయమైనదే. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ జీతం పడే ఖాతాలోకే పుస్తకాల డబ్బూ వస్తే ఏది ఏమిటో విడదీయడానికి తల ప్రాణం తోకకొస్తుంది. పుస్తకాలకని విడిగా ఒక ఖాతా, దానికో క్యూఆర్ పెట్టుకున్నాం. ఈ పని ఒక్కటి మాత్రం తప్పక చేయండి.

బోర్డు మీద పైన కన్నడంలో పెద్దక్షరాలతో, కింద తెలుగులో రాయించాం. మనం ఉంటున్న ఊరి భాషకి ఇవ్వాల్సిన చోటు అది. దానివల్ల అనుకోని మేలూ జరిగింది. కన్నడం చదివేవాళ్లకి తెలుగు లిపి కొత్తగా ఉండదు, కూడబలుక్కుంటూ చదివేస్తారు. బల్ల దగ్గర నిలబడి అట్ట మీది పేరు చదివి, సరిగ్గానే చదివానా అని అడిగినవాళ్లు డజను మంది దాకా ఉన్నారు. కన్నడం నుంచి తెలుగులోకి వచ్చిన అనువాదాలు నాలుగు రకాలు పెడితే వాటిలో ఎక్కువ కొన్నది కన్నడిగుల ఇళ్లకి కోడళ్లుగా వెళ్లిన తెలుగు ఆడవాళ్లు.

ఆగస్టు 30. గేటు దగ్గరే గంట పోయింది. సరుకు ఆటోని లోపలికి వదలాలంటే ఎవరో ఒక ఫ్లాటు వాళ్లు ఫోన్‌లో అనుమతి ఇవ్వాలి. ఆ వేళకి కమిటీ వాళ్లంతా పూజలో ఉన్నారు, ఫోన్లు ఎత్తరు. క్లబ్ హౌస్ గేటుకి 400 మీటర్ల లోపల ఉంది. పెట్టెలు మోయడానికి తోపుడు బండి లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది, లోపలికి తెచ్చిన పెట్టెలు ఎన్నో సెక్యూరిటీ పుస్తకంలో రాయించి ముద్ర వేయించుకోవాలని మాకు తెలియదు. రాత్రి పదిన్నరకి బయటికి పోతుంటే ఆపేశారు. లోపలి సామాను బయటికి పోవాలంటే గేట్‌పాస్ కావాలి, అది రాసే మనిషి ఎనిమిదికే వెళ్లిపోయాడు. పెట్టెలు క్లబ్ హౌస్ మూల గదిలో వదిలి ఇంటికి పోవాల్సి వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అవి మన పుస్తకాలు కావు, ఏడుగురు నమ్మి పంపినవి.

బల్ల ఆరడుగులు పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. డెమీ పుస్తకాలు అట్టలు పైకి కనబడేలా పరిస్తే వరసకి 13, మూడు వరసలు. 39కి మించి పట్టవు. మా దగ్గరున్నవి 62 రకాలు. మొదటిరోజు అన్నీ పెట్టాలన్న ఆశతో నిలువు కట్టలుగా పేర్చాం. అది పెద్ద పొరపాటు. గ్రంథాలయంలో అయితే వీపు మీద పేరు చూసి పుస్తకం లాగుతారు. పండగలో నడిచిపోయే మనిషి ఒక్క క్షణం చూపు వేస్తాడు, ఆ చూపుకి అట్టబొమ్మ కనబడాలి. రెండో రోజు 36 రకాలే పరిచి మిగతావి బల్ల కింద ఉంచాం. అడిగితేనే తీశాం.

బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. చిన్నపిల్లలకి దాని మీద ఏముందో సరిగ్గా కనబడదు. పిల్లల పుస్తకాలు కొనిపించేది పిల్లలే కాబట్టి వాటిని ముందువైపు రెండు ప్లాస్టిక్ క్రేట్లు బోర్లించి వాటిమీద పెట్టాలి. కింద ఒక చాప వేస్తే కూర్చుంటారు. కూర్చున్న పిల్లని తల్లి లేపి తీసుకుపోయేలోపు పది నిమిషాలు దొరుకుతాయి.

మాకిచ్చిన చోటు తిండి స్టాళ్ల వరసలో చివరిది, పానీపూరీ పక్కన. జనం అక్కడికి బాగానే వస్తారు, చేతిలో ప్లేటుతో వస్తారు. ప్లేటున్న చేతితో పుస్తకం పట్టరు, పట్టినా నూనె అంటుతుంది. అడగాల్సిన చోటు పిల్లల నాట్యాలూ పాటలూ జరిగే వేదికకి ప్రవేశ ద్వారం పక్కన. అక్కడ తల్లిదండ్రులు పిల్లల వంతు కోసం నలభై నిమిషాలు ఖాళీ చేతులతో నిలబడి ఉంటారు.

ఇక పసుపు. చవితికీ బతుకమ్మకీ బల్ల పెట్టేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. హారతి కళ్లకద్దుకుని, కుంకుమ పెట్టుకుని, పసుపు అంటిన వేళ్లతో వచ్చి ప్రేమగానే పుస్తకం చేతిలోకి తీసుకుంటారు. తెల్లటి అట్ట మీద బొటనవేలి ముద్ర పడుతుంది. అట్టకి గ్లాసీ లామినేషన్ (మెరిసే ప్లాస్టిక్ పొర) ఉంటే తడిగుడ్డతో పోతుంది. మెరుపులేని మ్యాట్ అయితే పోదు, తుడిచేకొద్దీ లేత పసుపు మరకగా చుట్టూ పాకుతుంది. ఇప్పుడు చాలామంది మ్యాట్ వేయిస్తున్నారు, చూడ్డానికి అందంగా ఉంటుందని. పండగల్లో అమ్మే ఉద్దేశం ఉంటే గ్లాసీ వేయించండి. మేం రెండో రోజు నుంచి ఒక్కో రకంలో ఒక కాపీకి పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట వేసి ‘చూడ్డానికి’ అని చీటీ పెట్టాం. కొనేవాళ్లకి కింద పెట్టెలోంచి కొత్తది తీసిచ్చాం.

వెల మీద 10 శాతం తగ్గించాం. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకి వెళ్లి వచ్చినవాళ్లు అడక్కుండానే అది ఉంటుందనుకుంటారు. ఇబ్బంది చిల్లరతో. 175 రూపాయల పుస్తకం 157 రూపాయల 50 పైసలు అవుతుంది. ముందు రాత్రే ప్రతి పుస్తకానికీ వెనక అట్ట మీద చిన్న స్టిక్కరు వేసి 160, 135, 90 అని ఐదుకో పదికో సర్దుబాటు చేసి రాసుకున్నాం. అటూ ఇటూ సరిపోయింది. చిల్లరకి పది రూపాయల నోట్లు 50, ఇరవైలు 25, యాభైలు 10 తీసుకెళ్లాం. మొత్తం 1,500. ఊళ్లో పది రూపాయల నోట్లు దొరకడం కష్టం, వారం ముందు నుంచి పోగెయ్యాలి. అందరూ ఫోన్‌తోనే కడతారనుకోకండి. క్లబ్ హౌస్ కింది అంతస్తులో సిగ్నల్ ఉండదు, రెండు గంటల పాటు యూపీఐ ఆగిపోయింది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఎలాగూ నోట్లే ఇస్తారు. వాళ్లే తమకోసం పుస్తకాలు కొనుక్కునేది.

ఒక పెద్దాయన నవలను కళ్లకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చి, “ఇంతకన్నా పెద్దక్షరాలది ఏదైనా ఉందా బాబూ?” అని అడిగారు. 62 రకాల్లో ఒక్కటీ లేదు. ఆ రెండు రోజుల్లో ఇదే మాట తొమ్మిదిమంది అడిగారు. కొనాలని వచ్చి, డబ్బు చేతిలో పట్టుకుని, చదవలేక వెళ్లిపోయినవాళ్లు. ప్రచురణకర్తలందరికీ ఈ సంగతి రాశాను. 14 పాయింట్ల పెద్దక్షరాలతో కథల పుస్తకాలు వేస్తే బెంగళూరులో పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న తల్లిదండ్రులే కొంటారు. కళ్లారా చూసి చెప్తున్నాను.

శనివారం 38 పుస్తకాలు పోయాయి. అందులో 29 సాయంత్రం 6:10 నుంచి 7:25 మధ్యలోనే, నాట్యాల సమయంలో. ఆదివారం 27. నిమజ్జనం రోజు నాలుగు తర్వాత డప్పులు మొదలయ్యాక బల్ల వైపు తిరిగి చూసినవాళ్లు లేరు. అందుకే శని, ఆదివారాలు తీసుకోవడం సగం చెడ్డ నిర్ణయమన్నాను. శుక్ర, శనివారాలు అడిగి ఉండాల్సింది.

రెండు రోజుల్లో 65 పుస్తకాలు. వెల ప్రకారం 11,050 రూపాయలు. 40 శాతం కమీషన్‌లో 10 డిస్కౌంటుకి పోగా మిగిలేది 30 శాతం, అంటే 3,315. స్టాలు అద్దె 4,000, రానూ పోనూ బండి 1,700. నష్టం 2,385. ఈ లెక్క ముందే వేసుకోవచ్చు: ఖర్చు 5,700 రావాలంటే 19,000 రూపాయల వెల చేసే పుస్తకాలు పోవాలి. సగటు వెల 170 అనుకుంటే 112 కాపీలు. సాయంత్రం గంటంబావు మాత్రమే అమ్మకం జరిగే చోట అది కుదరదు. రోజుకి 2,000 అద్దె పుస్తకాలు మోయలేవు. 500 అయితే పర్వాలేదు. లేదా అమ్మకంలో పదో వంతు ఇస్తామనండి. డిపాజిట్ వెయ్యి రూపాయలు సెప్టెంబరు 23న తిరిగొచ్చింది, మూడుసార్లు గుర్తుచేశాక, 23 రోజులకి.

సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. పుస్తకం మీద పన్ను లేదు గానీ అచ్చు కాగితం మీద 12 నుంచి 18 శాతానికి పెరిగింది. పుస్తకం మీద పన్ను లేదు కాబట్టి కాగితానికి కట్టిన పన్ను ప్రచురణకర్తకి వెనక్కి రాదు, ఖర్చులో కలిసిపోతుంది. ఇద్దరు ప్రచురణకర్తలు మలి ముద్రణలకి వెల పెంచుతామని అప్పుడే చెప్పారు. అందుకే స్టిక్కర్లు తిరగరాసేటప్పుడు ఏ ముద్రణదో చూసుకోవాలి. ఒకే పుస్తకం రెండు వెలలతో బల్ల మీద ఉంటే కొనేవాళ్లకి అనుమానం వస్తుంది.

బతుకమ్మ సెప్టెంబరు 27, శనివారం. అద్దె లేదు. దసరా సెలవులిచ్చేశారు కాబట్టి తెలుగువాళ్లు చాలామంది అప్పటికే ఊళ్లకి వెళ్లిపోయారు. పండగకి జనం ఉంటారనుకుని బల్ల పెట్టేవాళ్లు బెంగళూరులో ఈ విషయం బాగా గుర్తుంచుకోవాలి. సంక్రాంతి నాడైతే తెలుగు ఇళ్లకి తాళాలే. వేడుక ఆ తర్వాతి ఆదివారం పెట్టుకునే సంఘాల దగ్గరికే వెళ్లాలి.

బల్ల పచ్చిక మీద వేశారు, పైన పలచటి గుడ్డ పందిరి. 5:40కి వాన మొదలైంది. మా దగ్గర ఒకే ఒక్క ప్లాస్టిక్ పట్టా ఉంది, అది బల్లకి సరిపోయింది. కింద గడ్డి మీద పెట్టిన రెండు పెట్టెలను ఎవరం చూడలేదు. అట్టపెట్టె అడుగు నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. పైన పొడిగానే కనబడుతుంది, ఇంటికెళ్లి తెరిస్తే కింది వరస పుస్తకాలు నానిపోయి అంచులు అలలు తేలి ఉన్నాయి. 14 పోయాయి. వెల 2,380, ప్రచురణకర్తల వాటా 60 శాతం 1,428 మేమే కట్టాం. ముందు రాసుకోలేదు కదా, మా చేతుల్లో పాడైనవి మేం కట్టడమే న్యాయం. ఇప్పుడు పెట్టెల కింద ఎప్పుడూ బోర్లించిన క్రేట్లు ఉంటాయి, పట్టాలు మూడు.

తడవని పుస్తకాలు కూడా ఆ గాలికి వంకర తిరిగాయి. లామినేషన్ అట్టకి ఒకవైపే ఉంటుంది. రెండోవైపు కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది, అట్ట పైకి లేస్తుంది. కంగారుపడనక్కర్లేదు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పేర్చి, పైన బరువు పెట్టి రెండు రోజులు పొడిగదిలో ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి.

చీకటి సంగతి కూడా చెప్పాలి. సెప్టెంబరు చివర ఆరుంబావుకే వెలుతురు తగ్గిపోతుంది. అలంకరణ దీపాలు గులాబీ, నీలం రంగుల్లో వెలుగుతుంటే అట్టలన్నీ ఒకేలా కనబడతాయి, వెనక అట్ట మీద రాసినదేదీ చదవలేం. ఛార్జింగ్ పెట్టుకునే తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు రెండు 650 చొప్పున కొన్నాం. ఎవరి ప్లగ్ పాయింటు కోసమూ బతిమాలక్కర్లేదు.

ఆ రోజు 31 పుస్తకాలు, వెల 5,450, మా వాటా 1,635. పెట్రోలు 350, తడిసినవి 1,428. నష్టం 143. ఇంటికి తిరిగొస్తుంటే అందరికీ నీరసంగా ఉంది. ఇక చాలనుకున్నాం కూడా.

నవంబరు 9, ఆదివారం, వనభోజనాలు. ఈసారి ఒప్పందం వేరు: అద్దె లేదు, వచ్చిన డబ్బులో పదో వంతు సంఘానికి. రెండు వారాల ముందే కార్యక్రమం కాగితం అడిగి తెప్పించుకున్నాం. ఉదయం ఉసిరి చెట్టు కింద పూజ, పదకొండు నుంచి ఆటలు, ఒంటిగంటకి పంక్తి, రెండున్నర నుంచి నాలుగు వరకు తంబోలా. పెద్దవాళ్లు తంబోలాలో ఉంటారు, పిల్లలకి ఆ గంటన్నరలో చేయడానికేమీ లేదు. ఆ ఖాళీని మాకిమ్మని అడిగాం. చాపలు పరిచి పిల్లలని కూర్చోబెట్టి ఒక బొమ్మల కథ బిగ్గరగా చదివాం. ఒకే కథ, పన్నెండు నిమిషాలు. ముందు రోజు ఇంట్లో మూడుసార్లు చదివి చూసుకుంటే వచ్చిన సమయం అది. బొమ్మ ఉన్న ప్రతి పేజీ దగ్గరా ఆగి పుస్తకం పిల్లలవైపు తిప్పాం. కథ చివరి రెండు పేజీల ముందు ఆపి, తర్వాత ఏమవుతుందని అడిగాం. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు, సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో కన్నడం. తర్వాత చివరిది చదివాం.

ఆ పుస్తకం 20 కాపీలు తెచ్చాం. అరగంటలో 19 పోయాయి.

“మావాడికి తెలుగు చదవడం రాదండీ” అనే మాట ప్రతి బల్ల దగ్గరా పదేపదే వింటాం. దానికి ‘నేర్పించండి’ అని జవాబు చెప్పకూడదు. అది విన్న తల్లి తప్పు చేసినదానిలా తలదించుకుని వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. “మీరు చదివి వినిపించండమ్మా, వాడు బొమ్మలు చూస్తాడు” అంటే పుస్తకం తెరిచి చూస్తుంది. పేజీకి రెండు మూడు వాక్యాలు, 18 పాయింట్లకి తగ్గని అక్షరాలు, 100 రూపాయల లోపు వెల ఉన్నవైతే అక్కడికక్కడే కొంటారు. మూడు వేడుకల్లోనూ పోయినవాటిలో సగానికి పైన ఇలాంటివే. పెద్దల నవలలూ కథలూ పోయేది బల్ల దగ్గర నిలబడ్డ మనిషి వాటిని చదివి ఉంటేనే. ‘బాగుంటుందండీ’ అంటే ఎవరూ కొనరు. ‘అనంతపురం పల్లెలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే ఒక రోజు కథ’ అంటే ఆ ఊరివాళ్లు ఆగుతారు. అమ్మే మనిషికి కనీసం పదిహేను పుస్తకాల గురించి ఇలా ఒక్కో వాక్యం నోటికి రావాలి.

ఆ రోజు 96 పుస్తకాలు. వెల 17,600, చేతికి వచ్చింది 15,840. సంఘానికి 1,584, ప్రచురణకర్తలకి 10,560, బండికి 1,400 పోగా 2,296 మిగిలింది. సాయంత్రం పెట్టెలు సర్దుతుంటే కమిటీలో ఒకావిడ వచ్చి, పిల్లల పోటీల బహుమతులకి 60 పుస్తకాలు కావాలన్నారు. అప్పటిదాకా బహుమతులంటే స్టీలు డబ్బాలు ఇచ్చేవారట. 90 రూపాయల పుస్తకాన్ని 20 శాతం తగ్గించి ఇచ్చాం. మొత్తం 4,320, మాకు మిగిలింది 1,080. పుస్తకాలు ప్రచురణకర్త నుంచే నేరుగా 19న అందాయి. డబ్బు డిసెంబరు 6న వచ్చింది. ఇకపై ఏ కమిటీకి రాసినా స్టాలు కంటే ముందు ఈ బహుమతుల సంగతే అడుగుతాం. బల్ల వేయకుండా, పెట్టెలు మోయకుండా పుస్తకాలు పిల్లల చేతికి చేరే దారి ఇది.

లెక్క ముగించడం కూడా చెప్పాలి. ప్రతి రాత్రీ అలసట ఎంతున్నా పడుకునేలోపు లెక్కపెట్టాలి. పుస్తకాల పేర్లు వరసగా అచ్చు తీసుకున్న కాగితం మీద అమ్మినప్పుడల్లా ఒక గీత గీశాం. జనం మూగిన గంటలో గీతలు తప్పుతాయి. అందుకే ఒకరు డబ్బు, ఒకరు గీతలు, పుస్తకాల గురించి చెప్పడానికి ఇంకొకరు. ముగ్గురికి తక్కువైతే కష్టం. అయినా చివరికి మూడు పుస్తకాలు తేలలేదు. 410లో 192 బల్ల మీద అమ్మాం, 14 తడిశాయి, 3 కనబడలేదు, 201 మిగిలాయి. అందరికీ లెక్కలూ డబ్బూ నవంబరు 22న పంపేశాం. మిగిలినవాటిలో తమవి ఇద్దరు వెనక్కి అడిగారు, ఆ పార్సిలు 760 అయింది. బోర్డు, పట్టాలు, దీపాలు, క్రేట్ల ఖర్చు పక్కనపెట్టి, కనబడని మూడింటికి కట్టినదీ వదిలేస్తే, రానూ పోనూ పార్సిళ్లతో కలిపి మొత్తానికి చేతి నుంచి పడింది 1,842 రూపాయలు. మొదటి వేడుకలో ఆ అద్దె కట్టి ఉండకపోతే అంతకు పైనే మిగిలేది.

వెనక్కి అడగని ఐదుగురి పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి, ఉగాదికి. 2026లో ఉగాది మార్చి 19, గురువారం. పనిదినాల మధ్యలో పడింది కాబట్టి సంఘాలు వేడుకని శని, ఆదివారాలకి జరుపుతాయి. పంచాంగాలు మాత్రం ఉగాదికి ముందే అమ్ముడవ్వాలి, పండగ దాటితే అడిగేవాళ్లుండరు. డిసెంబరు 14న నాలుగు కమిటీలకి రాశాం. వేదిక ద్వారం పక్కన చోటు, అమ్మకంలో పదో వంతు, కథ చదవడానికి పావుగంట, బహుమతులకి పుస్తకాలు. ఇది రాసేనాటికి ఒక కమిటీ నుంచి జవాబు వచ్చింది, కార్యక్రమం ఇంకా ఖాయం కాలేదని. మిగతా మూడింటి కోసం చూస్తున్నాం.